బస్తా లెక్క, కంచం లెక్క: పోషణపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

తక్కువ ఆదాయంతో నెట్టుకొచ్చే కుటుంబాలకు సరైన తిండి అందేలా ఇరుగుపొరుగువారు, స్వచ్ఛంద బృందాలు, మహిళా సంఘాలు చేస్తున్న పనుల గురించి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఒకే ప్రశ్నగా తీసుకున్నాను. రాసినవారి పేర్లు, ఊళ్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మేము పదిమంది మిత్రులం కలిసి రెండేళ్లుగా అరవై పేద కుటుంబాలకు నెలనెలా ధాన్యం, వంటనూనె, ఉప్పు పంచుతున్నాం. ఒక్క నెల కూడా తప్పలేదు. ఈ మధ్య ఆరోగ్య కార్యకర్తలు వచ్చి పిల్లలను కొలిచి, చాలామంది వయసుకు తగ్గ ఎత్తు లేరని చెప్పారు. మా కష్టమంతా వృథా అయిందా? పొరపాటు ఎక్కడ జరిగింది?

జవాబు: మీ శ్రమ వృథా కాలేదు. గింజల కోసం నెలాఖరున అప్పు చేయనవసరం లేని ఇంట్లో ఆ డబ్బు మందులకో, బడి ఖర్చుకో, ఇంటి అద్దెకో మిగులుతుంది; పస్తుతో పడుకునే రాత్రులు తగ్గుతాయి. అది చిన్న మేలేమీ కాదు. అయితే కడుపు నిండినంత మాత్రాన పిల్లలు ఎత్తు పెరగరు కనుక, మీరు పంచిన బస్తా దగ్గర మొదలుపెట్టి పసిబిడ్డ నోటి దాకా ఆ తిండి వెంట ఒకసారి నడిచి చూడాలి.

1996లో రోమ్‌లో జరిగిన ప్రపంచ ఆహార సదస్సు ఆహార భద్రతను నిర్వచిస్తూ, చాలినంత, సురక్షితమైన, పోషకాలున్న ఆహారం అందరికీ, అన్ని వేళలా అందుబాటులో ఉండాలని, దాన్ని సంపాదించుకునే స్తోమత కూడా ఉండాలని చెప్పింది. ఆ వాక్యంలో ఒక్కో మాట ఒక్కో చిక్కును చూపుతుంది. మీ బృందం "చాలినంత" అన్న మాటను చాలావరకు నెరవేర్చింది. "పోషకాలున్న", "సురక్షితమైన" అన్న మాటలు ఇంకా మిగిలే ఉన్నాయి.

బస్తా ఇంటికి చేరింది. తల్లి తెల్లవారకముందే పనికి వెళ్లి పొద్దుగూకాక తిరిగొస్తే, పొద్దున వండిన కుండలోంచి పగటిపూట బిడ్డకు పెట్టేది ఎవరు? ఏడెనిమిదేళ్ల అక్కో, కంటిచూపు తగ్గిన నానమ్మో పెడతారు. బిడ్డ త్వరగా మింగుతాడని వాళ్లు జావను నీళ్లలా పలుచన చేస్తారు. ఏడు కిలోల బరువున్న పసివాడి పొట్టలో ఒక పూటకు పట్టేది సుమారు 200 మిల్లీలీటర్లు మాత్రమే. అందులో ఎక్కువ భాగం నీళ్లే అయితే పొట్ట నిండుతుంది, ఏడుపు ఆగుతుంది, ఒంటికి మాత్రం ఏమీ పట్టదు. అందుకే ఆరు నెలలు నిండిన బిడ్డకు తల్లిపాలతో పాటు రోజుకు రెండు మూడు సార్లు, తొమ్మిది నెలల నుంచి మూడు నాలుగు సార్లు, చెంచా నుంచి జారిపోనంత చిక్కగా, కాస్త నూనె కలిపి పెట్టమని వైద్యులు చెబుతారు. ఆ తరువాత ఆ ఇంటి తాగునీరు ఎలాంటిదో చూడాలి. నెలకోసారి నీళ్ల విరేచనాలు పట్టుకునే బిడ్డకు తిన్నది కూడా దక్కదు.

ఇక ఆహారంలో వైవిధ్యం సంగతి. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లల తిండిని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ ఎనిమిది జట్లుగా విభజించాయి: తల్లిపాలు; ధాన్యాలు, దుంపలు; పప్పులు, పల్లీల వంటి గింజలు; పాలు, పెరుగు; మాంసం, చేపలు; గుడ్లు; విటమిన్ ఎ ఎక్కువగా ఉండే కూరగాయలు, పండ్లు; తక్కిన కూరగాయలు, పండ్లు. వీటిలో కనీసం ఐదు జట్లవి ఒక రోజులో బిడ్డ నోట్లో పడాలి. మీ సంచిలో ఉన్నది ఈ ఎనిమిదింటిలో ఒక్క జట్టు మాత్రమే.

మీకు ఊరట కలిగించే మాట కూడా ఒకటి ఉంది. కడుపులో పడింది మొదలు రెండేళ్లు నిండేదాకా గడిచే దాదాపు 1,000 రోజుల్లోనే పిల్లల ఎదుగుదల గిడసబారడం చాలావరకు జరిగిపోతుంది. ఆ తరువాత దాన్ని పూర్తిగా సరిదిద్దడం కష్టం. కాబట్టి మీరు పని మొదలుపెట్టే నాటికే రెండేళ్లు దాటిన పిల్లల ఎత్తు మీ పనితీరుకు కొలమానం కాదు. ఈ రెండేళ్లలో పుట్టిన పిల్లల కొలతలను విడిగా తీసి చూడండి.

నేనైతే అరవై సంచులనూ ఒకేలా నింపడం మానేస్తాను. గర్భిణులు, బాలింతలు, రెండేళ్లలోపు పిల్లలు ఉన్న ఇళ్లను గుర్తించి, ఆ సంచుల్లో పప్పులు, గుడ్లు చేరుస్తాను. అందుకోసం ధాన్యం కొంత తగ్గించవలసి వచ్చినా వెనుకాడను. ఉప్పు అయోడిన్ కలిపినదే అయి ఉండాలి. చిటికెడు ఉప్పు ఎంత పని చేస్తుందో మన తెలుగు వైద్య శాస్త్రవేత్త వులిమిరి రామలింగస్వామి 1956లో కాంగ్రా లోయలో మొదలుపెట్టిన అధ్యయనం చూపించింది. అయోడిన్ ఉప్పు వాడిన ప్రాంతాల్లో గొంతు వాపు జబ్బు (గాయిటర్) బాగా తగ్గిపోయింది. ఇన్ని మార్పుల్లోనూ అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక నోటుపుస్తకం. "నిన్న పొద్దుటి నుంచి రాత్రి దాకా బిడ్డ ఏమేమి తిన్నాడు?" అని ప్రతి నెలా ప్రతి తల్లినీ అడిగి రాసుకోండి. ఎన్ని బస్తాలు పంచామన్న లెక్కకు బదులు ఆ పుస్తకాన్ని మీ సమావేశంలో ముందుగా చదవండి.

ప్రశ్న: మా బాబుకు ఏడాదిన్నర. చురుగ్గా ఆడుకుంటాడు. మొన్న కార్యకర్త వచ్చి చేతికి పట్టీ చుట్టి, పసుపు రంగులో ఉంది, జాగ్రత్త అని చెప్పి వెళ్లింది. మా అత్తగారు మాత్రం మా వంశంలో అందరూ సన్నమే, కంగారుపడకు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: కార్యకర్త మాట వినండి తల్లీ. మీ అత్తగారి ధైర్యాన్ని కూడా కాదనక్కర్లేదు. పసుపు అంటే ఇంకా చేయిదాటలేదనే అర్థం.

ఆ పట్టీని మీరూ వాడగలరు. ఎడమ భుజం కొన నుంచి మోచేతి కొన దాకా కొలిచి, సరిగ్గా మధ్యన గుర్తు పెట్టి, చేయి వదులుగా కిందికి వేలాడుతుండగా ఆ గుర్తు చుట్టూ పట్టీ చుట్టాలి. చర్మం నొక్కుకుపోయేంత బిగించకూడదు, కింద వేలు దూరేంత వదలకూడదు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు 12.5 సెంటీమీటర్లు, అంతకు పైన ఉంటే ఆకుపచ్చ, 11.5కు, 12.5కు మధ్య ఉంటే పసుపు, 11.5 కన్నా తక్కువైతే ఎరుపు. ఈ వయసులో ఆరోగ్యంగా ఉన్న బిడ్డ చేతి చుట్టుకొలత పెద్దగా మారదు కనుకనే అందరికీ ఒకే గీత సరిపోతుంది. ఒక సెంటీమీటరు తేడా ఎంతో మీ చిటికెన వేలి గోరు పక్కన పెట్టి చూసుకోండి. భద్రంగా ఉన్న బిడ్డకూ, ప్రాణాపాయంలో ఉన్న బిడ్డకూ మధ్య ఉన్న ఎడం అంతే.

వంశం సన్నం అన్న మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది కనుక కాస్త వివరంగా చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో, తల్లిపాలు తాగి శుభ్రమైన వాతావరణంలో పెరుగుతున్న పిల్లలను కొన్నేళ్లపాటు కొలిచింది. ఆరు దేశాల పిల్లలూ మొదటి ఐదేళ్లలో దాదాపు ఒకేలా ఎదిగారు. 2006లో వెలువడిన ఎదుగుదల పట్టికలకు ఆధారం అదే. మనిషి మనిషికీ కొంత తేడా ఉండనే ఉంటుంది, కానీ ఒక వంశమో, ఒక ఊరో మొత్తంగా పసితనంలో బక్కగా ఉంటే దానికి కారణం రక్తంలో లేదు, కంచంలోనో, నీళ్లలోనో, పదేపదే వచ్చే జబ్బులోనో ఉంది.

ప్రస్తుతానికి రోజూ పెట్టేదానికి ఒక పూట అదనంగా చేర్చండి. ప్రతి పూటా చెంచా నూనె కలపండి, వీలైనన్ని రోజులు గుడ్డు, రోజూ పప్పు ఉండేలా చూడండి. జ్వరం గానీ విరేచనాలు గానీ వచ్చినప్పుడు తిండి ఆపకండి. తగ్గాక రెండు వారాలు రోజుకు ఒక పూట ఎక్కువే పెట్టండి. పదిహేను రోజులకోసారి మళ్లీ కొలిపించండి. పట్టీ ఎరుపులోకి వెళ్లినా, రెండు పాదాల పైభాగాన్ని బొటనవేళ్లతో మూడు సెకన్లు నొక్కి వదిలినప్పుడు గుంట అలాగే నిలిచినా, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వాపు వల్ల ఒళ్లు వచ్చినట్టు కనిపించి ఇంటివాళ్లు సంతోషించిన సందర్భాలు నేను చూశాను. ఆ సంతోషమే ఆలస్యానికి కారణమయింది.

ఎరుపు అనగానే వారాల తరబడి ఆసుపత్రిలో ఉండాలన్న భయం కూడా ఇప్పుడు అక్కర్లేదు. ఫ్రెంచి పిల్లల వైద్యుడు ఆంద్రె బ్రియాన్ 1990లలో వేరుశనగ ముద్ద, పాలపొడి, నూనె, చక్కెర, విటమిన్లు, ఖనిజాలు కలిపి ఒక చికిత్సాహారం తయారుచేయించారు. అందులో నీరు కలపరు కనుక సూక్ష్మజీవులు పెరగవు, కాచే పని లేదు, పొట్లం చించి బిడ్డకు నేరుగా తినిపించవచ్చు. ఆకలి ఉండి, ఇతర జబ్బులు లేని పిల్లలకు వారం వారం పరీక్షిస్తూ ఇంటి దగ్గరే చికిత్స చేయవచ్చని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ తదితర సంస్థలు కలిసి ప్రకటించాయి.

ప్రశ్న: నేను ఆరోగ్య కార్యకర్తను. నెలకు రెండుసార్లు తల్లులను కూర్చోబెట్టి బొమ్మలు చూపించి పాఠం చెబుతాను. అందరూ తలూపుతారు. ఇంటికెళ్లాక ఏమీ మారదు. అడిగితే, చెప్పడానికేం అమ్మా, డబ్బుండాలిగా అంటారు. వాళ్ల మాటలోనూ నిజముంది. నేనేం చేయాలి?

జవాబు: మీ ఉత్తరం చదివి చాలాసేపు ఆలోచించాను, ఎందుకంటే ఈ పనిలో ఉన్న ప్రతి ఒక్కరూ ఏదో ఒక రోజు అక్కడే ఆగిపోతారు. నాకు దారి చూపింది వియత్నాం అనుభవం.

1990 చివర్లో జెర్రీ స్టెర్నిన్, మోనిక్ స్టెర్నిన్ అనే దంపతులు ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున వియత్నాం వెళ్లారు. ఆరు నెలల్లో ఫలితం చూపించాలని అక్కడి ప్రభుత్వం గడువు పెట్టింది. బయటి నుంచి ఆహారం తెప్పించి పంచడానికి తగినంత డబ్బు లేదు, పంచినా ఆగిన మర్నాడే పరిస్థితి మొదటికి వస్తుందని వాళ్లకు తెలుసు. థాన్ హోవా రాష్ట్రంలోని పల్లెల్లో స్థానిక స్త్రీల చేతనే పిల్లలందరినీ తూచి, వాళ్లను ఒక్క ప్రశ్న అడిగారు: నిరుపేద ఇంట్లో ఉండి కూడా ఆరోగ్యంగా ఎదుగుతున్న బిడ్డ ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. అయితే ఆ ఇళ్లకు వెళ్లి చూద్దాం అన్నారు.

ఆ ఇళ్లలో తల్లులు వరిమళ్లలో దొరికే చిట్టి రొయ్యలు, ఎండ్రకాయలు, చిలగడదుంప ఆకులు ఏరుకొచ్చి పిల్లల అన్నంలో కలుపుతున్నారు. అవి ఎవరికైనా ఉచితంగా దొరికేవే, కాకపోతే పసిపిల్లలకు పనికిరావని తక్కినవాళ్లు అనుకునేవారు. చుట్టుపక్కల ఇళ్లలో రోజుకు రెండుసార్లు పెడుతుంటే, ఈ తల్లులు అదే అన్నాన్ని నాలుగైదు సార్లుగా విడగొట్టి పెడుతున్నారు. అన్నం ముట్టుకునే ముందు పిల్లల చేతులు కడుగుతున్నారు.

తెలిసినదాన్ని స్టెర్నిన్ దంపతులు పాఠంగా చెప్పలేదు. బరువు తక్కువున్న పిల్లల తల్లులు రెండు వారాలపాటు రోజూ ఒక పొరుగింట్లో కలిసి వండి, కలిసి తినిపించే ఏర్పాటు చేశారు. లోపలికి రావాలంటే గుప్పెడు రొయ్యలో, ఎండ్రకాయలో, ఆకులో వెంట తెచ్చుకోవాలన్నది ఒక్కటే షరతు. ఆ రెండు వారాల్లో ఏరుకొచ్చే అలవాటు చేతికి, తినే అలవాటు బిడ్డకు వచ్చాయి. బిడ్డ బరువు పెరగడం తల్లి కళ్లారా చూసింది. పోషకాహార లోపం ఆ పల్లెల్లో గణనీయంగా తగ్గడంతో పద్ధతి దేశంలో ఎన్నో చోట్లకు విస్తరించింది.

మీ ప్రాంతంలో రొయ్యలు ఉండకపోవచ్చు, అది ముఖ్యం కాదు. మీ తూకం పుస్తకం తీసి, ఆదాయం అట్టడుగున ఉండి బిడ్డ బరువు బాగున్న రెండు మూడు ఇళ్లను గుర్తించండి. ఆ ఇంటికి వెళ్లినప్పుడు ప్రశ్నలు అడగడం కన్నా, వండే వేళకు వెళ్లి పక్కన కూర్చోవడం మంచిది; తల్లి తను చేసేది గొప్పదని అనుకోదు కనుక నోటితో చెప్పదు, చేతులు మాత్రం దాచుకోలేవు. తరువాతి సమావేశంలో మీరు మాట్లాడకండి, ఆమెను వండమనండి. అయితే ఒక జాగ్రత్త ఉంది. ఏరుకోవడానికి ఏమీ లేని, కూలి దొరకని, నిజంగా గింజ లేని ఇంటికి ఈ పద్ధతి చాలదు. డబ్బుండాలిగా అన్న తల్లుల్లో అలాంటివారు కొందరు ఉంటారు. వాళ్లకు ముందు కావలసినది సాయం, పాఠం ఆ తరువాతే.

ప్రశ్న: మా సంఘం ఏడాదిగా సామూహిక వంటశాల నడుపుతోంది. "పేదలకు ఉచిత భోజనం" అని పెద్ద బోర్డు పెట్టాం. శుభ్రంగా, రుచిగా వండుతున్నాం. అయినా నిజంగా అవసరమున్న కుటుంబాలు రావడం లేదు, ముఖ్యంగా ఆడవాళ్లు, పిల్లలు.

జవాబు: ముందుగా ఆ బోర్డు దించండి. పని పోయి నెల రోజులైన ఒక తండ్రి, బిడ్డ చేయి పట్టుకుని ఆ అక్షరాల కింద నుంచి నడిచి రావాలంటే, అందరి ముందు తాను పేదవాడినని ఒప్పుకుని రావాలి. లోపల దాతలు పళ్లెం పట్టుకుని ఫొటో తీయించుకునే అలవాటు కూడా ఉంటే, అది ఆకలి కన్నా బరువైన పని.

బ్రెజిల్‌లోని బెలో హోరిజోంతె నగరం 1993లో తిండి పౌరుడి హక్కు అని ప్రకటించి, దానికోసం పురపాలక సంఘంలోనే ఒక విభాగాన్ని ఏర్పరచింది. అక్కడి ప్రజా భోజనశాలల్లోకి ఎవరైనా రావచ్చు. ఉద్యోగి, విద్యార్థి, కూలీ అందరూ ఒకే వరుసలో నిలబడి, తక్కువ ధర చెల్లించి, ఒకే బల్ల దగ్గర తింటారు. ఎవరు పేదో పక్కవాడికి తెలియదు. అదే నగరం చిన్న రైతులు తమ కూరగాయలను నేరుగా అమ్ముకునే చోట్లు కూడా కల్పించడంతో, తినేవాడికీ పండించేవాడికీ మేలు జరిగింది.

పెరూ రాజధాని లిమాలో పేటల స్త్రీలు 1970ల చివరి నుంచి నడుపుకొచ్చిన సామూహిక వంటశాలల పద్ధతి మరొకటి. సభ్యులే వంతులవారీగా వండుతారు, సరుకులు టోకున కొంటారు, ఇంటికి ఎన్ని పాళ్లు కావాలో అంతకు నామమాత్రపు ధర చెల్లించి గిన్నెల్లో పట్టుకెళతారు. బిడ్డ తన ఇంట్లో, తన తల్లి పక్కన కూర్చుని తింటుంది. మీ వంటశాలకు ఆడవాళ్లు రాకపోవడానికి ఇదే విరుగుడు అనుకుంటున్నాను: పట్టుకెళ్లే గిన్నె. సాయంత్రం పనుల మధ్య చంటిబిడ్డను చంకనెత్తుకుని వచ్చి, తెలియని మగవాళ్ల మధ్య కూర్చుని తినడం ఆమెకు కుదరదు. చిన్న ధర పెట్టండి. అది కూడా ఇవ్వలేని ఇళ్లకు వంటలో ఒక వంతు పని ఇవ్వండి. ముసలివాళ్లు, జబ్బుపడ్డవాళ్లు ఉన్న ఇళ్లకు ఎవరికీ చెప్పకుండా ఉచితంగా పంపండి. ఆ జాబితా ఇద్దరు వ్యక్తులకు మించి తెలియకూడదు. వారం వంటల పట్టిక, ఖర్చుల వివరం మాత్రం గోడ మీద అందరికీ కనిపించాలి.

ప్రశ్న: విందుల్లో మిగిలిన వంటకాలు తెచ్చి పంచవచ్చా?

జవాబు: వండి రెండు గంటలకు మించి మామూలు వేడిలో నిలిచిన వంటకం ముట్టుకోవద్దు. 60 డిగ్రీల సెల్సియస్ పైన వేడిగా గానీ, 5 డిగ్రీల లోపు చల్లగా గానీ ఉంచగలిగినవే తీసుకోండి. చల్లార్చినవాటిని పంచే ముందు పొగలు వచ్చేదాకా కాచండి. ఐదేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు విందు మిగులు పెట్టకపోవడమే మేలు. దుకాణాల్లో మిగిలే విడి సరుకులు, కూరగాయలు సేకరించడం దీనికన్నా సురక్షితమైన పని.

ప్రశ్న: ఒక దాత చంటిపిల్లల పాలపొడి డబ్బాలు రెండు వందలు ఇస్తామంటున్నారు. బాలింతలందరికీ తలా ఒకటి ఇద్దామా?

జవాబు: వద్దు. ఆయనకు కృతజ్ఞతలు చెప్పి, ఆ డబ్బుతో బాలింతలకే గుడ్లు, పప్పులు కొనివ్వమని అడగండి. ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అవసరం లేదు. డబ్బా ఇంట్లోకి వచ్చాక బిడ్డ రొమ్ము పట్టడం తగ్గుతుంది, పట్టడం తగ్గితే పాలు తగ్గుతాయి, నెల తిరిగేసరికి డబ్బా అయిపోతుంది. కొనే శక్తి లేని తల్లి పొడిని పలుచన చేస్తుంది, అది కలిపేది కాచని నీళ్లలో. ఈ ప్రమాదం ఎంత పెద్దదంటే, తల్లిపాల ప్రత్యామ్నాయాల ఉచిత పంపిణీని, ప్రచారాన్ని కట్టడి చేస్తూ ప్రపంచ ఆరోగ్య సభ 1981లోనే నియమావళిని ఆమోదించింది. తల్లి లేని బిడ్డ, పాలివ్వలేని జబ్బున్న తల్లి ఉంటే, వాళ్లకు వైద్యుల పర్యవేక్షణలో, అవసరం తీరేదాకా ఆగకుండా ఏర్పాటు చేయాలి.

ప్రశ్న: పేద కుటుంబాలకు సరుకులు ఇవ్వడం మంచిదా, డబ్బు ఇవ్వడం మంచిదా? మా బృందంలో దీని మీద వాదన తెగడం లేదు.

జవాబు: అంగడిని చూసి తేల్చుకోవలసిన వాదన ఇది. 1943 బెంగాల్ కరువులో తిండిగింజల దిగుబడి మరీ అంతగా పడిపోలేదని, ధరలు ఆకాశానికంటగా కూలీల సంపాదన వాటిని అందుకోలేకపోవడం వల్లనే జనం చనిపోయారని అమర్త్యసేన్ 1981లో విశదీకరించారు. సరుకు ఉండి కొనే శక్తి లేనప్పుడు డబ్బు ప్రాణం నిలుపుతుంది. సరుకే లేనప్పుడు, లేదా ధర రోజురోజుకూ పెరుగుతున్నప్పుడు, మీరిచ్చిన డబ్బు విలువ వారంలోనే కరిగిపోతుంది. అప్పుడు గింజలే ఇవ్వాలి. మెక్సికో 1997లో మొదలుపెట్టిన పథకంలో నగదు నేరుగా తల్లుల చేతికిచ్చి, పిల్లలను బడికి, ఆరోగ్య పరీక్షలకు పంపాలని షరతు పెట్టి, పసిపిల్లలకు విడిగా పోషకాలు కలిపిన ఆహారం కూడా ఇచ్చారు. పసితనంలోనే చేరిన పేద పిల్లల ఎదుగుదల మెరుగైంది. డబ్బిస్తే దుబారా చేస్తారన్న మాట మీ బృందంలో ఎవరైనా అని ఉంటే, దయచేసి ఆ మాట పక్కన పెట్టండి. పస్తు అంటే ఏమిటో తెలిసిన తల్లికి, ముందు ఏది కొనాలో మనకన్నా బాగా తెలుసు.

ప్రశ్న: మాది అద్దె ఇల్లు, గది ముందు రెండడుగుల వసారా తప్ప నేల లేదు. పెరటి తోటలు పెంచమని సలహాలిస్తారు. మాలాంటివాళ్లకు అది కుదిరే పనేనా?

జవాబు: ఇంటిల్లిపాదికీ కూరగాయలు పండించుకోవడం కుదరదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. ఆకుకూరలకు మాత్రం జానెడు లోతు మట్టి, రోజుకు నాలుగైదు గంటల ఎండ చాలు. అడుగున చిల్లులు పెట్టిన పాత బకెట్లు, సంచులు సరిపోతాయి. మూడు నాలుగు ఇళ్లవాళ్లు కలిసి బడి ఆవరణలోనో, సామూహిక స్థలంలోనో ఒక మడి అడిగి తీసుకుంటే ఇంకా మేలు. అడిగే ముందు నీళ్లు ఎక్కడి నుంచి, ఎవరు మోస్తారో తేల్చుకోండి. ఇలాంటి తోటలు ఎక్కువగా ఎండిపోయేది ఆ ఒక్క విషయం తేల్చుకోకపోవడం వల్లనే.

కోసిన ఆకు ఒంటికి పట్టడానికి రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఆకుకూరల్లోని విటమిన్ ఎ మూలపదార్థం కొవ్వుతో కలిస్తేనే లోపలికి చేరుతుంది కనుక చెంచా నూనె వేసి వండాలి. వాటిలోని ఇనుము పుల్లని పండ్లతో కలిపి తింటే బాగా ఒంటబడుతుంది, భోజనంతో పాటు టీ తాగితే ఒంటబట్టడం తగ్గుతుంది. అయినా గర్భిణులు ఆకుకూరలున్నాయి కదా అని మాత్రలు మానకూడదు. రోజుకు 30 నుంచి 60 మిల్లీగ్రాముల ఇనుము, 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తప్పనిసరి. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మాత్ర మింగేటప్పుడు వికారంగా ఉందని మానేసే తల్లులకు నేను ఈ సంగతి చెబుతుంటాను. మనవాడు చేసిన మందా అంటూ వేసుకున్నవాళ్లు ఉన్నారు.

ప్రశ్న: మా పోషణ కేంద్రానికి నిధులిచ్చే సంస్థ మూడు నెలల్లో సాయం ఆపేస్తోంది. నలభై మంది పిల్లలున్నారు. వాళ్ల తల్లులకు ఈ సంగతి ఎలా చెప్పాలో తెలియక ఇప్పటిదాకా చెప్పలేదు.

జవాబు: ఈ వారమే చెప్పండి. నేను పనిచేసిన ఒక చోట చివరి రోజు దాకా దాచి, ఒక ఉదయం తలుపులకు తాళం వేశారు. ఖాళీ గిన్నెలతో వచ్చిన తల్లులు, తాళం చూసి, సెలవేమో అనుకుని గంటసేపు మెట్ల మీద కూర్చున్నారు. ఆ తరువాత ఆ ప్రాంతంలో ఏ కార్యక్రమం పెట్టినా చాలాకాలం నమ్మలేదు.

చెప్పాక పిల్లల జాబితాను వాళ్లతో కలిసి చూడండి. ఎరుపులో ఉండి చికిత్స తీసుకుంటున్న పిల్లలుంటే, వాళ్ల చికిత్స మధ్యలో ఆగకుండా ప్రభుత్వ ఆసుపత్రికి ఇప్పుడే అప్పగించాలి. చీటీ రాసిచ్చి ఊరుకోకుండా మొదటిసారి మీరే వెంట వెళ్లండి. మీ కుటుంబాల్లో ప్రభుత్వ సాయానికి అర్హత ఉండి కాగితాలు లేక ఆగిపోయినవారు తప్పకుండా ఉంటారు. మూడు నెలలు ఆ కాగితాల పనికి సరిపోతాయి, వండి పెట్టే పనికన్నా దాని ఫలితం ఎక్కువ కాలం నిలుస్తుంది. పని దొరకని నెలల కోసం గింజల నిధి పెట్టుకోవచ్చు: మిగిలిన నిధుల్లో కొంతతో ధాన్యం కొని ఉంచి, కరువు నెలల్లో అప్పుగా ఇచ్చి, చేతిలో పని ఉన్న నెలల్లో కాస్త కలిపి తిరిగి తీసుకోవడం. దీనికి తాళాలు ఇద్దరి దగ్గర, లెక్క మూడోవారి దగ్గర ఉండాలి.

డబ్బుతో పనిలేనివి కూడా మీ కేంద్రంలో కొన్ని ఉన్నాయి. నెలకోసారి పిల్లలను తూచడం, చేతులు కొలవడం, బరువు పెరగని బిడ్డ ఇంటికి ఇద్దరు తల్లులు వెళ్లి మాట్లాడి రావడం ఆగనవసరం లేదు. త్రాసు, కొలపట్టీ, పిల్లల పేర్ల పుస్తకం ఎవరింట్లో ఉండాలో తల్లులనే నిర్ణయించుకోమనండి. రాయడం రాని తల్లుల కోసం పట్టికలో రంగు చుక్కలు పెట్టే పద్ధతి నేర్పండి. మిగిలిన మూడు తూకాల్లో మొదటిది మీరు వేసి చూపించండి. తరువాతి రెండూ వాళ్లే వేయాలి; మీరు పక్కన కూర్చుని అంకె సరిచూస్తే చాలు.